ఎవురివో వాళ్లొచ్చి అడగాల

మిట్టమధ్యాహ్నం జిలానీ సిమెంటు సంచి చుట్టుకుని ఇంటికొచ్చాడు.

పైన చొక్కా లేదు. కింద ప్యాంటు లేదు. సంచి మీద ముందువైపు ‘యాభై కిలోలు’ అనీ, వెనకవైపు ‘నీళ్లు తగలనివ్వరాదు’ అనీ అచ్చేసి ఉంది. వాడి ఒంటి మీద నుంచి మాత్రం నీళ్లు బొటబొటా కారుతున్నాయి.

గడపలో బియ్యం ఏరుతున్న షాహీదాబీ చేట కింద పెట్టింది.

“యా అల్లా! ఏందిరా ఈ వేషం?”

“బట్టలు ఎత్తకపోయినాడు నానీ.”

“ఒంటి మీదివి ఎట్ల ఎత్తకపోయినాడు? నువ్వేమన్నా తీగ మీద ఆరేసిన గుడ్డవా?”

మనవడు నేల చూపులు చూశాడు. చేట తిరగేస్తే గానీ సంగతి బయటపడలేదు.

చిలమకూరు అవతల, రాయి తీసి వదిలేసిన నాపరాళ్ల గనులున్నాయి. వాననీళ్లు నిండి పచ్చగా మెరుస్తుంటాయి. అడుగున ఏ బండ ఎట్లా నిలబడి ఉందో ఎవరికీ తెలియదు. పదో తరగతి పిల్లలు ఆదివారం పూట అక్కడికి చేరి దూకుతారు. కలీం ఫోన్లో వీడియో తీస్తాడు. అందరూ కాళ్లు ముందు పెట్టి దూకితే, జిలానీ ఒక్కడే పైగట్టు ఎక్కి తలకిందులుగా దూకుతాడు.

వాడికి నాలుగేళ్లప్పుడు నాయన ఇల్లు విడిచి పోయాడు. తల్లి గుల్జార్‌బీ కువైట్‌లో ఎవరి పిల్లలకో అన్నం తినిపిస్తోంది. “నేనేమైతే ఎవురికేంది” అనేది వాడి ఊతపదం.

“నేనేమన్నా గోడకు కొట్టిన మేకునారా?” అని షాహీదాబీ అరిచేది.

ప్రతి శుక్రవారం కూతురు ఫోన్ చేసి, “అమ్మా, వాడు జాగర్తే గదా?” అంటే, “వానికేం, గుండ్రాయి మాదిరి ఉండాడు” అనేది. ఫోను పెట్టాక గుండె పట్టుకునేది. ఉన్నది వాడొక్కడే మరి.

ఆ పూట దూకినందుకు రెండు తగిలించింది. చొక్కా పోగొట్టినందుకు నాలుగు. అది కువైట్ నుంచి వచ్చిన గళ్ల చొక్కా!

“ఎవడ్రా వాడు?”

“గుంత కాడ రేకుల కొట్టంలో ఉంటాడే, ముసలాయన. నేను నీళ్లల్లో ఉంటే నా బట్టలు చంకలో పెట్టుకోని పోయినాడు. అందురూ బట్టల దొంగంటారు.”

షాహీదాబీ చెంగు దోపుకుని బయల్దేరింది.

ముసలాయన కొట్టం ముందు కూర్చుని బారెడు బారెడు తాడు చుడుతున్నాడు. పక్కనే కొక్కేలు.

“ఓహో! దొంగతనానికి సామాను గూడా పెట్టుకున్యావా! మా పిల్లోని చొక్కా యాడప్పా?”

“ఉంది బీబమ్మా, పెట్టెలో.”

“ఇట్లియ్యి.”

“చొక్కా నీదా?”

“నేనేమన్నా గళ్ల చొక్కా తొడుక్కునే దాని మాదిరి కనపడతాండానా?”

“అయితే ఇయ్యను. ఎవురివో వాళ్లొచ్చి అడగాల.”

“వానికి సిగ్గు!”

“సిగ్గుపడేదానికి పిల్లోడుండాడు గదా. శానా సంతోషం. రమ్మను.”

ఇదేం మనిషి అనుకుంది షాహీదాబీ. దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చింది.

జిలానీ అడగడానికి పోలేదు. దూకడానికి పోయాడు.

రెండో ఆదివారం చిరిగిన షామియానా ముక్క చుట్టుకుని వచ్చాడు. మూడో ఆదివారం ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ. ముందు పెళ్లికొడుకు, వెనక పెళ్లికూతురు, మధ్యలో జిలానీ.

పక్కింటి ఆర్షియా ఊరుకుంటుందా?

“ఏం యాభై కిలోలూ, పెండ్లెప్పుడు?”

వీధి వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. బడిలో హాజరు పిలిస్తే కూడా వెనక బెంచీ నుంచి “యాభై కిలోలు ప్రెజెంట్ సార్” అన్నారు.

నాలుగో ఆదివారానికి వాడికి మిగిలింది యూనిఫాం ఒక్కటే. ఆ గుంతకు భయపడనివాడు ఆ పేరుకు భయపడ్డాడు. గనుల వైపు పోవడం మానేసి, ఇంట్లో కూర్చుని నానీతో పాటు బియ్యం ఏరాడు.

షాహీదాబీకి మాత్రం కోపం చల్లారలేదు. మూడు జతలు! నెల తిరక్కుండానే మనవణ్ణి చెవి పట్టుకుని పోలీసు స్టేషన్‌కు లాక్కుపోయింది.

“సారూ, బట్టల దొంగ మీద కేసు రాయాల!”

ముసలి కానిస్టేబుల్ పెన్ను తీయలేదు. ఆమె చెప్పిందంతా విని, జిలానీని కింది నుంచి పైదాకా చూశాడు.

“ఆ కొట్టం ముసలాయన, సామ్యూల్, పోయిన శుక్రవారం ఆస్పత్రిలో సచ్చిపోయినాడమ్మా. పెట్టె తాళం నాకిచ్చినాడు. ఎవురన్నా వచ్చి అడిగితే ఇయ్యమన్యాడు. రాండి.”

కొట్టంలో రేకుపెట్టె తెరిచాడు. పైన గళ్ల చొక్కా. దాని కింద ఇంకా ఇంకా బట్టలు. నీలం యూనిఫాం, మోకాళ్ల కాడ చిరిగిన జీన్సు, పొట్టి లాగు, అన్నీ ఉతికి మడత పెట్టి ఉన్నాయి.

“సూడు సారూ! ఎంతమంది పిల్లోళ్లను దోచినాడో!” షాహీదాబీ లెక్కపెట్టింది. పన్నెండు జతలు.

“ఎవురివో వాళ్లొచ్చి అడగాలంట గదా. అడగరా!” అని మనవణ్ణి ముందుకు తోసింది.

“పైన ఉండే మూడూ నావి సార్,” అన్నాడు జిలానీ గొణుగుతూ.

“తీసుకో నాయనా. కిందివి మాత్రం ముట్టుకోవద్దు.”

“ఏం, ఎందుకని?” అంది షాహీదాబీ.

కానిస్టేబుల్ గోడకు వేలాడుతున్న తాడు వైపు చూశాడు.

“ఇరవై ఏండ్లుగా ఈ గుంతల్లోకి దిగి, మునిగిపోయిన పిల్లోళ్లను పైకి తెచ్చింది ఆయనేనమ్మా. ఆ తొమ్మిది జతలూ గట్టు మీద మిగిలిపోయినవి. ఏ తల్లీ చేత్తో తాకలేకపాయె.”

ఇన్నేళ్లలో ఆ పెట్టె ముందుకు నడిచొచ్చి, ఇవి నావి అని అడిగింది జిలానీ ఒక్కడే.