ఇద్దరమ్మల రాయి

"మా వాడికి పువ్వులు పెట్టడానికి నువ్వెవరమ్మా?" అంటూ కండక్టరమ్మ ఆ చేమంతులు తీసి అవతల పారేసింది.

"మీ వాడని ఎవరు చెప్పారు? రాయి మీద రాసుందా?" అంటూ దర్జీ ఆవిడ వాటిని ఏరుకొచ్చి మళ్ళీ అక్కడే పెట్టింది.

రాయి మీద రాసున్నది ఒక్కటే: పేరు తెలియని సైనికుడు. యుద్ధంలో ఇద్దరి కొడుకులూ ఒకే గుట్ట మీద పోయారు. ఇద్దరి శవాలూ ఇంటికి రాలేదు. ఆ గుట్ట మీద దొరికి, ఎవరిదో తేలని శవం ఇదొక్కటే. ఇంకేం కావాలి! యుద్ధం ఎప్పుడో ఆగిపోయినా ఈ రాయి దగ్గర మాత్రం రోజూ జరుగుతూనే ఉంది.

సైనిక శ్మశానం సూపరింటెండెంటుకి వీళ్ళతో తల బొప్పి కట్టింది.

"ఆగండమ్మా ఇద్దరూ! అనుమతి వచ్చింది, ఇవాళే తవ్వి చూసేస్తాం. మీ పిల్లల గుర్తులు చెప్పండి."

"ఎడమ కాల్లో స్టీలు రాడ్డుంటుంది. బంతాటలో విరగ్గొట్టుకున్నాడు, వెధవ," అంది కండక్టరమ్మ.

"మా వాడికి ముందు పన్ను సగమే ఉంటుంది. చిన్నప్పుడు నా కుట్టుమిషను మీద పడ్డాడు," అంది దర్జీ ఆవిడ.

సమాధి చుట్టూ పరదా కట్టారు. ఆడవాళ్ళిద్దరినీ ఆఫీసు గదిలో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. బయట పార చప్పుడు. కొడుకు లేడని ఇద్దరూ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఎక్కడున్నాడో తెలిస్తే చాలు. దేవుడా, నా వాడే కావాలి అని ఇద్దరూ లోపల్లోపల మొక్కుకుంటున్నారు.

"ఒకవేళ మీ వాడే అయితే..." దర్జీ ఆవిడ బెంచీ మీద కాస్త ఇటు జరిగింది. "నన్ను రానిస్తారా అక్కా?"

కండక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"రాక ఎక్కడికి పోతావ్? పిన్నివి కదా. మరి మీ వాడైతే?"

"మీరు పెద్దమ్మ."

తలుపు తీసుకుని సూపరింటెండెంటు వచ్చాడు. చేతిలో రుమాలు మూట.

"కాల్లో రాడ్డు లేదమ్మా."

కండక్టరమ్మ కళ్ళు మూసుకుంది. దర్జీ ఆవిడ గబుక్కున లేచి నిలబడింది.

"పళ్ళు కూడా నిక్షేపంగా ఉన్నాయి."

ఆవిడ కూలబడిపోయింది.

అతను రుమాలు విప్పాడు. మట్టి పట్టిన బెల్టు బకిల్.

"ఇది మన సైన్యానిది కాదు, అవతలి వాళ్ళది. ఆ హడావుడిలో పొరపాటున మన వరసలో పూడ్చేశారు. ఇన్నేళ్ళూ మీ చేత శత్రువుకి పువ్వులు పెట్టించాం. క్షమించండమ్మా."

దర్జీ ఆవిడ ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కండక్టరమ్మ బకిల్ చేతిలోకి తీసుకుని బొటనవేలితో మట్టి తుడిచింది.

"అయ్యో! అయితే వీళ్ళమ్మ అక్కడ మనిద్దరి పిల్లల్లో ఎవడికి పువ్వులు పెడుతోందో, చెల్లీ!"