ఒక అంగుళం కండ

"అంగుళం పెరిగింది నాయనా, చూడు." కాలేజీ చదివే మా భరణి నా కుట్టుమిషను టేపును జబ్బకు చుట్టి మావారికి చూపించాడు. "అంతా ఆ ప్రోటీన్ పౌడరు మహిమే."

"మన పప్పుల అంగట్లో లేని ప్రోటీనా అది?" అని గొణుక్కుంటూ మావారు స్నానానికి వెళ్ళారు.

నేను వాడి చేతిలోంచి టేపు తీసుకున్నాను. ఆ పౌడరు తాగితే కిడ్నీలు పోతాయని ఎదురింటి భువనేశ్వరి చెప్పిన రోజే దాన్ని కాలవలో పారబోసి, డబ్బా నిండా పుట్నాల పొడి నింపాను. నెలరోజులుగా వాడు పాలలో కలుపుకుని తాగుతున్నది అదే. ఇక దాచలేక చెప్పేశాను.

వాడు నవ్వాడు. "మొదటిరోజే తెలుసుమా. అంగట్లో పెరిగినోణ్ణి, పుట్నాల వాసన నాకు తెలీదా?"

"మరి ఈ అంగుళం ఏడ్నించి వచ్చిందిరా?"

వాడు గొంతు తగ్గించాడు. "రాయపురంలో నా ఫ్రెండు అంథోణి వాళ్ళమ్మ దినామూ చేపల కొళంబు పెడతా ఉంది. నాయనకు చెప్పబాకమా."

మా వంశంలో గుడ్డయినా ముట్టినవాళ్ళు లేరు. దేవుళ్ళకు వినబడకుండా ముందు పూజగది తలుపు మూశాను. తరువాత తిట్టడానికి నోరు తెరిచాను. ముల్లు గొంతుకు అడ్డంపడి వాడు గిలగిలా కొట్టుకుంటున్నట్టు కళ్ళముందు కనబడింది.

"ఆయమ్మ ముళ్ళు తీసి పెడతాదా," అన్నాను, "లేకుంటే అట్నే మింగతా ఉండావా?"