ఇండియా లైను

"ఓ ఆఫ్రికా! నీ లైను అటు. ఇది గాదు."

వెనకనుంచి పడిన చెయ్యి మహమ్మద్ గౌస్‌ను పక్కకు లాగేసింది. గౌస్ తూలి, నిలదొక్కుకుని, మళ్ళీ తన చోట్లోకి వచ్చాడు. ఆ చోటు పోతుందన్న భయంతో పొద్దున్నుంచి మంచినీళ్ళకు కూడా కదలలేదు.

దజీజ్ అనే పేటలో ఒక గోదాము అది. కాగితాలు లేక కువైట్‌లో చిక్కుకుపోయినవాళ్ళను ఇళ్ళకు పంపడానికి ఇచ్చిన గడువు ఆ రోజుతో ఆఖరు. ఇండియావాళ్ళకొక లైను, ఆఫ్రికా దేశాలవాళ్ళకొక లైను. మధ్యాహ్నం బస్సు అందితే విమానం, అందకపోతే జైలు. మూడో దారి లేదు.

"నాది ఇండియానే భాయ్. హైదరాబాద్, ఏసీ గార్డ్స్," అన్నాడు గౌస్, తెలుగులోనే.

చెయ్యి వేసినవాడి పేరు భూమేశ్, ఊరు జగిత్యాల పక్కన. టైల్స్ పని చేసి చేసి నడుము వంగిపోయింది గానీ నోరు మాత్రం నిటారుగానే ఉంది.

"అబ్బో, తెలుగు మాట్లాడుతుండు సూడుండ్రి! క్యాంపుల మనోళ్ళ పక్కపొంటి ఉండి నేర్సుకున్నడు. ఎవడన్న నేర్సుకుంటడు. ఇసోంటోళ్ళు దూరవట్టే మనకు సీట్లు దొరుకుతలేవు."

"మా ముత్తాతను ఫౌజు కోసం నిజాం ఆఫ్రికాకెల్లి తెచ్చుకున్నడన్నా. సిద్దీలంటరు మమ్ముల. నేను పుట్టింది నీలోఫర్ దవాఖానల."

"మనోళ్ళల్ల ఇంత నల్లోడు ఉండడు!" అని తీర్పు చెప్పేసి భూమేశ్ గార్డును కేకేశాడు.

లైనంతా నవ్వింది. నిజానికి ఆ లైన్లో ఎండకు మాడిపోనివాడు ఒక్కడూ లేడు. భూమేశ్ అయితే కాల్చిన వంకాయ రంగు. క్యాంపుల్లో అద్దాలుండవేమో, ఎవడి రంగు వాడికి గుర్తులేదు.

గార్డు వచ్చి గౌస్ మోచెయ్యి పట్టుకుని ఆఫ్రికా కౌంటరు దగ్గర వదిలాడు. అక్కడి అమ్మాయి ఏ దేశమని అడిగింది. గౌస్ ఇండియా అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. వెనక నిలబడ్డ కెన్యా అతను నవ్వలేదు గానీ, "బ్రదర్, మాకూ బస్సు తప్పిపోతుంది. మీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు," అని బతిమాలాడు.

మీ వాళ్ళు! ఎవరు వాళ్ళు? ఇంత పెద్ద లోకంలో నిలబడటానికి ఒక లైను కూడా లేదు తనకు. అంతమంది ముందు, సిగ్గు లేకుండా, గౌస్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే ఇండియా కౌంటరు వైపు పరిగెత్తాడు.

అద్దం వెనక ఎంబసీ గుమాస్తా, కడప జిల్లా బాలసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. "ఏమప్పా, లైను దాటి యాడికొస్తాండావు?"

"సార్, ఒక్కసారి ఆ వేలిముద్రల మెషిన్ మీద వేలు పెట్టనీయండి. వచ్చినప్పుడు తీసుకున్న ముద్ర అండ్ల ఉంటది, నేనెవరో అదే చెప్తది."

"మెషిను ముట్టాలంటే లైన్లో ఉండాల. లైన్లో ఉండాలంటే ఇండియా వాడై ఉండాల. పో, పో."

"మీ కాళ్ళు మొక్కుతా సార్!"

గార్డు కాలరు పట్టుకుని లాగుతున్నాడు. గౌస్ ఒక చేత్తో కౌంటరు చెక్కను గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి అద్దం కిందినుంచి దూర్చి, వేలు మెషిన్ మీద అదిమేశాడు.

పచ్చలైటు వెలిగింది. బాలసుబ్బయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాడు. "మహమ్మద్ గౌస్... ఇండియా... హైదరాబాదు."

గార్డు కాలరు వదిలాడు. లైన్లో నవ్వులు ఆగాయి. పొరపాటైందన్న మాట మాత్రం ఒక్క నోటినుంచీ రాలేదు. బాలసుబ్బయ్య ఇంటికి పోయేందుకు ఔట్‌పాస్ చీటీ రాసిచ్చి, "తర్వాత!" అన్నాడు.

తర్వాత భూమేశ్. ధీమాగా వేలు పెట్టాడు. ఎర్రలైటు. ఇంకో వేలు పెట్టాడు. ఎర్రలైటే. వేళ్ళు చొక్కాకు తుడిచాడు, తలకు రుద్దాడు, నోటి ఆవిరి పట్టాడు. పదివేళ్ళూ అయిపోయాయి. ఏళ్ళ తరబడి సిమెంటు తిని ఆ వేళ్ళు గాజుపలకల్లా నున్నబడిపోయాయి. వాటి మీద గీత అన్నదే లేదు.

"పాస్‌పోర్టు?"

"పనిల పెట్టుకున్న కఫీల్ ఇయ్యలే సార్."

"ముద్ర లేదు, పాస్‌పోర్టు లేదు. పక్క దేశాలోళ్ళు గూడా ఈ లైన్లో దూరుతాండారు. నువ్వు యా దేశమోనివని రాసుకునేది?"

"తెలుగోన్ని సార్! తెలుగు మాట్లాడుతున్న గద!"

"తెలుగు క్యాంపుల్లో ఎవడన్నా నేర్చుకుంటాడని ఇంతకుముందు నువ్వే అంటివి గదప్పా."

భూమేశ్ బొటనవేలు మళ్ళీ మెషిన్ మీద అదిమాడు. ఎర్రలైటే.

"ముద్ర పడినోడు ఎవురైనా నీకు సాక్షి సంతకం పెట్టాల. అబద్ధమని తేలితే వాని సీటు గూడా పోతాది," అన్నాడు బాలసుబ్బయ్య.

ముద్ర పడినవాళ్ళంతా బస్సెక్కి కూర్చున్నారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. వెనకున్న వాళ్ళకు ఇంకా ముద్రలు పడలేదు, పడితే బాగుండునని వాళ్ళ వేళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. చీటీ చేతపట్టుకుని అక్కడ నిలబడ్డవాడు ఒక్క గౌసే.

గార్డు ఈసారి భూమేశ్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా..." అన్నాడు భూమేశ్. తల ఎత్తలేకపోయాడు. కన్నీళ్ళు టపటపా కౌంటరు చెక్క మీద పడ్డాయి.

గౌస్ బస్సు వైపు చూశాడు. నాలుగడుగులు వేస్తే చాలు, ఇంటికి పోవచ్చు.

"ఏమప్పా గౌసూ, జల్దీ చెప్పు. ఈయన మీవాడేనా?"

గౌస్ భూమేశ్‌ను పైనుంచి కిందిదాకా ఎగాదిగా చూశాడు. పెన్ను అందుకున్నాడు.

"మావోడే సార్. జర తెల్లగున్నడని శక్ చెయ్యకుండ్రి."