వంపు అద్దం మహిమ

ట్రయల్ రూమ్ తలుపు తెరుచుకుంది. ముఖం గంటు పెట్టుకుని లోపలికి వెళ్లిన లావుపాటి టీచరమ్మ, ఆకుపచ్చ గౌనులో, నోరంతా నవ్వుతో బయటికొచ్చింది.

"ఇది విప్పేది లేదు. ఇలాగే ఇంటికి పోతా. పాతది పొట్లం కట్టండి" అంది.

కౌంటర్ వెనక కూర్చున్న బట్టల షాపు యజమాని పక్కనున్న బావమరిదిని మోచేత్తో పొడిచాడు.

"చూశావా? లోపలికి గుమ్మడికాయలా వెళ్లింది, బయటికి మల్లెతీగలా వచ్చింది. అదీ మన అద్దమంటే!"

"నాకింకా గుమ్మడికాయే కనపడుతోంది బావా."

"నీకు కనపడక్కర్లేదురా. ఆవిడకి కనపడితే చాలు."

నెల కిందట అద్దాల వ్యాపారి కొట్లో ఆ అద్దాన్ని చూసి యజమాని మనసు పారేసుకున్నాడు. కంటికి తెలియని వంపున్న అద్దం అది. ఎదురుగా నిలబడ్డ మనిషిని రెండంగుళాలు పొడవు, నాలుగంగుళాలు సన్నం చేసి చూపిస్తుంది. మర్నాడే బండి మీద షాపుకి వచ్చేసింది. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే యజమాని దాని ముందు పావుగంట నిలబడేవాడు. పొట్ట కనపడేది కాదు. బట్టతల కూడా ఏదో మేధావి నుదురులా మెరిసేది. ఇంటికెళితే మాత్రం గోడ మీది పాత అద్దం మొహం మీదే తిట్టినట్టుండేది.

"ఆ అద్దం పారెయ్యవే, పాడైపోయింది" అంటే, "అది రోజూ ఇలాగే ఉంది. మీరే ఈ మధ్య ఎక్కడో పాడైపోతున్నారు" అనేది భార్య.

అద్దంతోపాటు ట్రయల్ రూమ్‌లోకి ఇంకొకరు కూడా వచ్చారు. ఎడం మణికట్టుకి గుండుసూదులు గుచ్చిన చిన్న దిండు కట్టుకుని తిరుగుతుంది కాబట్టి ఆమెను అందరూ పిన్నుల పిన్ని అంటారు. ఎత్తుపళ్లు. ఒక చెంప చిన్నప్పుడెప్పుడో కాలి ముడుచుకుపోయింది. కొనడానికొచ్చిన వాళ్లు జడుసుకుంటారని యజమాని పదేళ్లపాటు ఆమెను వెనక గదిలో గుండీలు కుట్టడానికే ఉంచాడు. అద్దం వచ్చాక దాన్ని తుడవడానికీ, పొడుగైన అంచులు మడిచి పిన్నులు పెట్టడానికీ ఒక మనిషి కావాల్సివచ్చి, గత్యంతరం లేక ఆమెను అక్కడ నిలబెట్టాడు.

ఇప్పుడు ఆ గదిలోంచి మాటలు వినపడుతున్నాయి.

"నిజం చెప్పు పిన్నీ. ఎలా ఉన్నాను?"

"నిజమా? ఈ పసుపు చొక్కాలో కామెర్లొచ్చినట్టున్నావు నాయనా, విప్పేయ్. ఇదిగో, ఈ నీలంది తొడుక్కో. ఆగాగు, భుజం దగ్గర చిన్న పిన్ను పెడతా... ఆఁ, ఇప్పుడు చూసుకో. ఇంతకీ ఎందుకు కొత్తబట్టలు?"

"ఇంటర్వ్యూ ఉంది. మూడుసార్లు తిప్పి పంపారు."

"తల దించుకుని కూర్చుని ఉంటావ్. నీ కళ్లెంత చక్కగా ఉన్నాయో అద్దంలో చూడు! ఎదుటివాడి మొహంలోకి చూసి మాట్లాడు. చొక్కా సంగతి చొక్కా చూసుకుంటుంది."

ఆ కుర్రాడు వీపు నిటారుగా పెట్టుకుని బయటికొచ్చి, ఒకటి కొందామనుకున్నవాడు మూడు కొన్నాడు.

"అద్దం పని అద్దం చేస్తుంటే మధ్యలో ఈమె వాగుడొకటి" అని యజమాని విసుక్కున్నాడు.

"నన్నడిగితే, అంత అందమైన అద్దం పక్కన ఆ మొహమేంటి బావా! ఓ చక్కటి పిల్లని నిలబెట్టు, అమ్మకాలు రెట్టింపవుతాయి."

ఇంతలో ఫోన్ మోగింది. యజమాని చూసి కట్ చేశాడు.

"అద్దాలవాడు. ఇంకోటి అంటగడదామని నెల్లాళ్లుగా ప్రాణం తోడేస్తున్నాడు."

ఆ సాయంత్రమే పిన్నిని పిలిచి, రేపట్నుంచి రావద్దన్నాడు.

ఆమె చేతిలో ఉన్న పిన్నును దిండులో గుచ్చింది.

"పోనీ గుండీల పనికైనా ఉంచండి బాబూ. ఇంట్లో నా కూలి మీదే పొయ్యి వెలుగుతోంది."

"ఆ వెనక గదిలో రెండో ట్రయల్ రూమ్ కట్టిస్తున్నా."

"మరి వచ్చినవాళ్లకి ఏది నప్పుతుందో ఎవరు చెబుతారు?"

"అద్దం చెబుతుంది."

"అద్దానిదేముంది బాబూ! మా ఇంట్లో అద్దం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఉన్నది చూపిస్తుంది."

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. నెల్లాళ్లు దాని పక్కనే నిలబడి కూడా ఏమీ కనిపెట్టలేదు, పిచ్చిది! పాపం, ఆ చెంపను బాగు చేయడం అద్దం వల్ల కూడా కాలేదు కాబోలు అనుకున్నాడు. ఆమె పిన్నుల దిండు విప్పి కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు కొత్తమ్మాయి చేరింది. దీపం పెట్టక్కర్లేదు, గదికి ఆ పిల్ల వెలుగే చాలు. "ఎలా ఉన్నాను?" అని ఎవరడిగినా, గోళ్ల మీంచి కళ్లెత్తకుండా "సూపర్" అనేది.

మొదటిరోజు ఇద్దరు కొనకుండా వెళ్లారు. రెండోరోజు ఆరుగురు. మూడోరోజు టీచరమ్మ చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి, అరగంటలో ఇద్దరూ ముఖాలు వేలాడేసుకుని బయటికొచ్చారు.

"పిన్ని ఏదండీ?"

"మానేసింది."

"ఓహో. మళ్లీ వస్తాంలెండి."

నాలుగోరోజు మధ్యాహ్నానికి షాపులో ఈగలు కూడా బేరమాడకుండా తిరుగుతున్నాయి. యజమాని ట్రయల్ రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అద్దాన్ని చొక్కా చేత్తో తుడిచాడు. ఎదురుగా నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, పాతికేళ్లవాడిలా ఉన్నాడు. నాకు బాగానే పనిచేస్తోందే, వాళ్లకేం రోగమొచ్చింది? రోజూ పావుగంట నన్ను చూపించీ చూపించీ మహిమంతా నాకే ఖర్చయిపోయిందేమో!

ఫోన్ మోగింది. అద్దాల వ్యాపారే. ఈసారి ఎత్తాడు.

"ఏమయ్యా! నెల తిరిగేసరికే పాడైపోయే అద్దం అంటగడతావా నాకు?"

"పాడవడమేంటి సార్? ఆ సంగతి చెబుదామనే నెల్లాళ్లుగా ఫోన్ చేస్తున్నా, మీరు ఎత్తితేగా! ఆ రోజు మా బండివాడు సరుకు తారుమారు చేశాడు."

"అంటే?"

"మీ వంపు అద్దం ఇంకా మా గోడౌన్‌లోనే ఉంది సార్."