రెండు కిటికీల ఫ్లాటు

కత్తెర, టేపు, దారపు ఉండలు, కొలతల పుస్తకం ఒక్కొక్కటే సంచిలో సర్దుతోంది కుట్టుపని ఆవిడ. ఎదుటి అపార్ట్‌మెంట్ పెద్దావిడ మునిసిపాలిటీకి ఇచ్చే అభ్యంతరాల కాగితం పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది.

"ఎల్లుండి దాకా గడువుందే. నువ్వొక్కదానివి కాదన్నా పని ఆగుతుంది. ఇందులో సంతకం పెట్టు."

"మళ్ళీ మొదలెట్టావా అక్కా!"

"ఐదిళ్ళు పడగొట్టి అరవై ఫ్లాట్లు! కారొస్తే సైకిలు గోడకి అతుక్కోవలసిన వీధి ఇది. నీళ్ళు ఇప్పటికే రోజు విడిచి రోజు. ఇంతమంది మురుగు ఏ కాలవలో పడుతుంది?"

"అసలు సంగతి చెప్పు. నీ కిటికీకి ఎండ పోతుందనేగా? తను అపార్ట్‌మెంట్‌లో కూర్చుని మనల్ని వద్దంటుందేమిటని వీధంతా నవ్వుతోంది."

"నవ్వనీ. ఎండ కోసమే అనుకో."

"కట్టడానికి ఏడాదిన్నర, అంతే! కింది అంతస్తు, మూల ఫ్లాటు, రెండు కిటికీలు. అచ్చం నీదే. స్థలం ఇచ్చినవాళ్ళకే ఆ మూలది ఇస్తారట." సంచిలోంచి పూల గుడ్డ తీసి విప్పింది. "కర్టెన్లు కూడా కుట్టేశాను, నీ కిటికీల కొలతలతో."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట."

"ఎంత ఎకసెక్కమో! నీ ఫ్లాటు మాత్రం ఎవరి దగ్గర కొన్నావు?"

"బిల్డరు దగ్గరే. ఒకటి మిగిలిపోయిందన్నాడు."

"చూశావా, నీకు కలిసొచ్చింది!"

పెద్దావిడ కర్టెన్ అంచు వేళ్ళతో తడిమింది. తర్వాత గబగబా మాట అందుకుంది. "నువ్వు వెళ్ళే అద్దె గది అడ్రసు రాసివ్వు. వారం వారం ఫోన్ చెయ్యి. నెలకోసారి వచ్చి గోడలు ఎంతవరకు లేచాయో నీ కళ్ళతో చూసుకో. ఒంట్లో బాగోకపోయినా కబురు పెట్టు, నేనొస్తాను."

"అమ్మో, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టుందే!"

బయట వ్యాను హారన్ మోగింది. కుట్టుపని ఆవిడ తలుపు లాగి తాళం వేసి, తాళంచెవి పెద్దావిడ గుప్పిట్లో పెట్టింది.

"పడగొట్టే ఇంటికి తాళమేమిటే, పిచ్చిదానా?"

"చెయ్యి ఊరుకోలేదక్కా. నీ దగ్గరుంచు. వచ్చి తీసుకుంటాగా."

వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, పెద్దావిడ తన ఫ్లాట్‌లోకి వచ్చింది. కాగితం బల్లమీద పెట్టింది. దానిమీద ఉన్నది ఒక్కటే సంతకం, తనది. రెండు కిటికీల్లోంచీ ఎండ పడుతోంది. తలుపు వెనక మేకుకి తుప్పుపట్టిన తాళంచెవి ఒకటి అప్పటికే వేలాడుతోంది. దాన్ని కాస్త జరిపి, పక్కన ఈ కొత్తదాన్ని తగిలించింది.

స్థలం ఇచ్చినందుకు ఈ మూల ఫ్లాటు రావలసిన ఆవిడ, పద్దెనిమిదేళ్ళ క్రితం ఆ పాత తాళంచెవి తన చేతికిచ్చి ఏడాదిన్నరకని వెళ్ళి, తిరిగి రాలేదు.