అడ్డంకుల గడి

“ఇదీ తిప్పి పంపారా?” అంది అత్తగారు, కోడలి చేతిలోని కాగితం చూసి.

“వచ్చే ఐదేళ్లలో ఉద్యోగంలో ఎలా ఎదుగుతావో మళ్లీ రాసుకు రమ్మన్నారు అత్తయ్యా. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసుకునేదాన్ని, ఇంకెంత ఎదగమంటారో, మేడంత ఎత్తా!” కోడలు నవ్వుతూ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

అత్తగారు కళ్లజోడు తుడుచుకుని, కాగితం కూడబలుక్కుంటూ చదివింది. ‘ఎదుగుదలకు అడ్డంకులు’ అన్న గడిలో రెండే వరుసలున్నాయి.

‘సాయంత్రం ఆరు దాటితే మా అత్తయ్య కంగారుపడి వీధిలోకొచ్చి నిలబడతారు.

పైస్థాయి శిక్షణ కోసం రెండేళ్లు వేరే ఊరు వెళ్లలేను.’

ఆరింటికల్లా వస్తానని వెళ్లిన కొడుకు లారీ కింద పడి చనిపోయి మూడేళ్లయింది. అప్పట్నుంచీ ఆమె రోజూ వీధిలో నిలబడుతూనే ఉంది. కోడల్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నాననే అనుకుంది.

“పెన్నిలా ఇవ్వు,” అంది, కోడలు రాగానే.

కోడలి మొహం పాలిపోయింది. “మిమ్మల్ని తప్పు పట్టి రాయలేదు అత్తయ్యా...”

“ఉన్నదే రాశావు తల్లీ. రేపట్నుంచి లోపలే కూర్చుంటాలే. ఏ డ్యూటీ వేసినా చేసుకో.”

ఆమె మొదటి వరుస కొట్టేసింది. పెన్ను జారింది. గీత రెండో వరుస మీదుగా కూడా పోయింది.

కోడలు ఊపిరి బిగబట్టి చూసింది. ఆ కళ్లలో అంత వెలుగు అత్తగారు మూడేళ్లుగా ఎరగదు.

“అది కూడా కొట్టేశారా అత్తయ్యా?”

చెయ్యి జారిందే పిచ్చిపిల్లా అంటే సరిపోయేది.

“అది కూడానే,” అంది అత్తగారు.