మొండిది

“కప్పు మొండిదేనా?” నూర్జమాల్ మెడ పైకెత్తి చూస్తూ అడిగింది.

ఇల్లు అమ్మడానికి వచ్చిన షేర్గాజీ తాత తెల్లబోయాడు. “ఇల్లు నెమ్మదైనదేనమ్మా. ఎవరినీ ఏమీ అనదు.”

ఆమె భర్త ఎసెన్ నవ్వాడు. “ఇనుప రేకా అని అడుగుతోంది తాతా. మా నాన్న పేరు తెమిర్‌బెక్.”

అప్పుడు తాతకు అర్థమైంది. కిర్గిజ్ భాషలో తెమిర్ అంటే ఇనుము. మామగారి పేరే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా కోడలి నోట రాకూడదు.

“రేకేనమ్మా. మా ఊరి కోడళ్లయితే నల్లది అంటారు. గట్టిది అనేవాళ్లూ ఉన్నారు. మొండిది అనడం మాత్రం ఇదే వినడం.”

“మా అత్తగారి సొంత తయారీ తాతా. మామగారి మీద కోపమంతా ఆ మాటలో కూరి నా చేతిలో పెట్టింది. ఉన్నది ఒక్క కొడుకు, ఒక్క కోడలు. ఇంకెవరికిస్తుంది పాపం!”

బిష్కెక్‌లోని అత్తగారింట్లో మేకు మొండిదే, ఇస్త్రీ పెట్టె మొండిదే, గడియ కూడా మొండిదే. కాపురానికి వచ్చిన నాటి నుంచి నూర్జమాల్‌కి ఆ మాట వింటేనే ఒళ్లు మంట. అందుకే తండ్రి తన పేర రాసిన ఆపిల్ తోట అమ్మేసింది. తనదంటూ ఒక ఇల్లు కావాలి. గడప దాటగానే అక్కడ మొట్టమొదట ఏ మాట అనాలో కూడా ఎప్పుడో అనుకుంది.

కరకోల్ ఊరు ఎసెన్ ఎంపిక. రెండు శీతాకాలాలుగా స్కీయింగ్ నేర్చుకోవడానికి వచ్చిపోతున్నాడు. ఇక్కడే ఒక ఇల్లుంటే హోటల్ ఖర్చు మిగులుతుందన్నాడు. అత్తగారు అడ్డు చెప్పలేదు సరికదా, కరకోల్ గాలి మంచిది, అక్కడే కొనండి అంది. అత్తాకోడళ్లకు మాట కలవడం అదే మొదలు. నూర్జమాల్ ఆ పూట ఆవిడకు ఇష్టమైన మాంతీలు చేసి పెట్టింది.

తాత కారు మీద కట్టిన స్కీ పలకల్ని వేలితో తడిమాడు. “కొత్తవా?”

“రెండేళ్లవి,” నూర్జమాల్ గర్వంగా అంది. “ఈయన చాలా జాగ్రత్త మనిషి. ఒక్కసారైనా పడలేదు తెలుసా? ఒంటి మీద గీత కూడా లేదు.”

“పడకుండా నేర్చుకున్నవాణ్ణి చూడ్డం ఇదే,” అన్నాడు తాత.

ఎసెన్ కొండకేసి చూస్తూ, మంచు ఈ ఏడు బాగా పడిందన్నాడు.

తాత ఉండేది చోల్పాన్-అతాలో, కొడుకు దగ్గర. ఈ ఇంట్లో బురుల్ అనే అమ్మాయి అద్దెకుంటోంది. అద్దె ఫోన్లోనే పంపేస్తుంది కాబట్టి తాత కూడా ఆమెను చూడడం ఇవాళే. సన్నగా, పెళ్లైనవాళ్లలా తలకు రుమాలు కట్టుకుని, పిలిస్తే తప్ప పలక్కుండా ఉంది.

నూర్జమాల్ గుమ్మం, గోడలు, నేల అన్నీ తట్టి తట్టి చూసింది. ఆపిల్ తోట ఊరికే రాలేదు మరి.

“వీధి గేటు దేంతో చేశారమ్మాయ్?”

బురుల్ కాసేపు ఆలోచించింది. “కర్రది మాత్రం కాదక్కా.”

ఇదేం జవాబు! తుప్పు దాస్తోందని నూర్జమాల్ వెళ్లి గేటును తాళంచెవితో గీకి చూసింది. ఎక్కడా తుప్పు లేదు. పిల్లకు కాస్త తెలివి తక్కువనుకుని ఊరుకుంది.

టీ పోస్తుంటే అడిగింది. “మీ ఆయనేం చేస్తారు?”

“వస్తూ పోతూ ఉంటారక్కా.”

“రష్యాలోనా?”

“అంత దూరం కాదులెండి,” అంటూ బురుల్ గిన్నె నిండి పొర్లేదాకా టీ పోసింది.

నూర్జమాల్ మనసు కరిగింది. మగాడు దగ్గర లేని ఆడదాని బతుకు తనకు తెలియంది కాదు, ప్రతి శనివారం తనదీ అదే బతుకు. ఎసెన్‌ని పక్కకు పిలిచింది.

“ఈ పిల్లను ఖాళీ చేయించొద్దు. మనం లేనప్పుడు పొయ్యి వెలిగించకపోతే పైపులు పగిలిపోతాయి.”

“పరాయి మనిషి మనింట్లో ఎందుకు జమాల్?” ఎసెన్ మొహం చిట్లించాడు.

“మీరు ఒక్కరే వచ్చినప్పుడు ఇంత వేడివేడిగా వండి పెడుతుంది. అద్దె కూడా వద్దు.”

“నాకిష్టం లేదు.”

“కొనేది నేను!”

ఎసెన్ నిట్టూర్చాడు. “సరే, నీ ఇష్టం. రేపు నన్ననకు.”

బేరం కుదిరింది. తాత రొట్టె విరిచి అందరికీ తలో ముక్కా ఇచ్చాడు. అరచేతులు ముఖానికి తాకించి, ఈ ఇంట్లో నవ్వులు నిండాలని దీవించాడు. బురుల్ కూడా ఓమీన్ అంది. తాతను బస్సు దగ్గర దింపి రావడానికి ఎసెన్ కారు తీశాడు.

గదిలో నూర్జమాల్ మిగిలింది. బురుల్ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

ఇల్లు తనది. అత్తగారు ఎక్కడో దూరాన ఉంది. నూర్జమాల్‌కి కళ్లు చెమర్చాయి. నవ్వు కూడా వచ్చింది. మూలనున్న పెద్ద ఇనుప పొయ్యి దగ్గరికెళ్లింది. దాని మీద చెయ్యి వేసి, ఇన్నేళ్లూ గొంతులో అడ్డం పడ్డ ఆ మాటను గట్టిగా, తనివితీరా అనాలని ఊపిరి పీల్చి అరచెయ్యి చాపింది.

వంటింటి గుమ్మంలోంచి బురుల్ కంగారుగా అరిచింది.

“చెయ్యి తియ్యక్కా, మొండిది కాలుతుంది!”